విద్యకు వేళ మించదు: శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ జీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన శుభసమయమున దానిని స్థాపించిన వారిని స్మరించుట ధర్మము. ఆ పనిని అధ్యక్షులవారు చక్కగా నెరవేర్చిరి. ఇక ఒక ప్రశ్న మిగిలియున్నది. ఈ బీరువాలలోని పుస్తకములు ఎవరి కొఱకు? నడుమ బడి మానిన పిల్లవాడు పదునెనిమిదవ యేట మరల పుస్తకము పట్టినచో ఊరంతయు సంతోషించును. నడుమ బడి మానిన ఆడుపడుచు ఇరువదియైదవ యేట, బిడ్డల తల్లియైన పిమ్మట, పుస్తకము పట్టినచో “ఇప్పుడెందుకమ్మా నీకు?” అని ఇంటివారే అందురు. ఆ మాటలో కోపమును లేదు, ద్వేషమును లేదు. వేళ మించిపోయినదను నమ్మకము మాత్రము కలదు. ఆ నమ్మకము తప్పని ఒక తెలుగు ఆడుపడుచు తన డెబ్బదియొక్క సంవత్సరముల జీవితముతో నిరూపించినది. ఆమెయే శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్. నేటి ప్రసంగమునకు ఆమె చరిత్రమే విషయము.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యము గోదావరి మండలముననే గడచినది. ఎనిమిదవ యేట ఆమెకు వివాహము చేసిరి. వరుడు జమీందారీ కుటుంబమువాడు. పెండ్లియన నేమో తెలియని వయసున మెడలో పుస్తె పడినది. ఆ కాలమున అది వింతగాదు. ఇంటింటను జరుగుచుండిన పనియే. తరువాత నాలుగేండ్లకు, బడిలో తెలుగు తొలగించి ఆంగ్లమున బోధింప నారంభించినప్పుడు, అది తనకు సమ్మతము గాదని ఆ బాలిక బడి మానివేసెను. ఇందు దేశాభిమానము కలదు. కాని ఆ అభిమానమునకు ఆమె చెల్లించిన వెల తక్కువది గాదు. బడి చదువు పన్నెండవ యేటనే తెగిపోయినది. ఆ తెగిన త్రాటిని ముడివేయుటకు మరి పన్నెండేండ్లు పట్టినది.

బడి మానిన పిల్ల ఊరక కూర్చుండలేదు. తాను హిందీ నేర్చుకొని, ఇరుగుపొరుగు బాలికలను, స్త్రీలను చేర్చి, హిందీ పాఠశాల నడపెను. పాఠము చెప్పునది తానే. ఆమెకన్న పెద్దవారు ఆమెవద్ద అక్షరములు దిద్దుకొనిరి. తనకు బడి లేకపోగా ఇతరులకు బడి పెట్టిన ఈ గుణమును శ్రోతలు జ్ఞాపకమున నుంచుకొనవలెను. ఆమె జీవితమున ఇది మరల మరల కనబడును.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చెను. దేవదాసీ స్త్రీలును, ఘోషాలో నుండు మహమ్మదీయ స్త్రీలును ఆయనను చూచి నాలుగు మాటలు వినవలెనని ఆ పండ్రెండేండ్ల బాలిక సంకల్పించినది. ఊరి పెద్దలు అయిదు వేల రూపాయల విరాళము తెచ్చినచో కొలది నిమిషములు ఇప్పింతుమనిరి. అది ఆనాడు చిన్న పైకము కాదు. పిల్ల వెనుదీయునని వారి తలంపు కాబోలు. దుర్గాబాయి ఆ స్త్రీలవద్దకే పోయి సొమ్ము కూర్చెను. లోకము వెలివేసిన స్త్రీల చేతులమీదుగా ఆ పైకము వచ్చినది. మహాత్ముడు వచ్చి, అనుకొన్న వేళకు మించి వారితో మాటాడెను. తరువాత జరిగిన బహిరంగసభలో ఆయన హిందీ ప్రసంగమును తెలుగున చెప్పినదియు ఈ బాలికయే.

రెండేండ్లకు, 1923 డిసెంబరులో, కాకినాడయందే కాంగ్రెసు మహాసభ జరిగినది. అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారమువద్ద దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా నుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండ వచ్చెను. ఆమె ఆపినది. నిర్వాహకులు వచ్చి కోపించిరి, ఆమె జంకలేదు. రెండణాల టిక్కెట్టు కొన్న పిదపనే ఆయన లోనికి పోయెను. ఆమె కర్తవ్యనిష్ఠను నెహ్రూయే మెచ్చుకొనెను. లెక్కలు వ్రాయువారికి ఈ కథలోని సారము వెంటనే తెలియును. రెండణాల పద్దులో పెద్దవారికని మినహాయింపు ఇచ్చినవాడు రెండువేల పద్దునందును ఇచ్చును.

ఇక ఆమె వివాహము సంగతి. దీనిని దాటిపోవుట సులభము, కాని దాటిపోరాదు. యుక్తవయస్సు వచ్చిన పిదప, తన మార్గము దేశసేవయని, తాను గృహిణిగా నుండి ఆయనను సుఖపెట్టజాలనని దుర్గాబాయి భర్తతో చెప్పెను. ఆయన వేఱొక కన్యను వివాహమాడుటకు తానే సమ్మతించెను. పెద్దలలో కొందఱు, “భర్తను విడిచిన స్త్రీని ఆదర్శముగా చెప్పవచ్చునా?” అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము ఆమె తరువాతి నడవడియందే కలదు. ఆమె ఆయనను నిందింపలేదు, వ్యాజ్యమాడలేదు, ఆస్తి కోరలేదు. 1941లో ఆయన మరణించిన పిదప, దిక్కులేనిదైన ఆయన రెండవ భార్యను ఆదరించి, తన సంస్థయందు ఆశ్రయమిచ్చి, పని నేర్పించి, తన కాళ్ళపై నిలుచునట్లు చేసెను. సవతి యను మాటకు మన కథలలో ఎట్టి అర్థము కలదో అందఱెఱుగుదురు. ఆ అర్థమును ఈమె తన చేతితో కొట్టివేసినది. ఎనిమిదవ యేట తన్నడుగక చేసిన ముడిని ఎవరికిని గాయము కాకుండ విప్పుట ధర్మహాని కాదు. అది కష్టమైన ధర్మమునకు మఱియొక రూపము.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. దుర్గాబాయి చెన్నపట్టణమున ఆ ఉద్యమమందు ముందు నిలిచి చెఱసాలకు పోయెను. 1933లోపల మూడు పర్యాయములు ఆమెకు శిక్ష పడినది. వేలూరు, మధుర కారాగారములను చూచెను. మధురలో ఏకాంతవాసము విధించిరి. హత్యానేరమున శిక్షపడినవారి గదుల పొరుగున ఆమె గది. దేహము కృశించినది. కాని అచ్చట ఆమె కనులారా చూచినదొకటి కలదు. ఖైదీలైన స్త్రీలలో పెక్కురకు తమపై మోపిన నేరమేమో, తమ పక్షమున ఏమి చెప్పుకొనవలెనో తెలియదు. చదువురాక, చెప్పువారు లేక, వచ్చిన శిక్షను అనుభవించుచుండిరి.

మహాభారతమున ద్రౌపది నిండుసభలో ఒక ప్రశ్న వేసినది. ముందుగా తన్ను తాను ఓడిన ధర్మరాజునకు తనను పందెమొడ్డు అధికారము కలదా అని. భీష్మునంతవాడు దానికి సూటిగా బదులు చెప్పలేకపోయెను. ద్రౌపదికి ధర్మశాస్త్రము తెలియును గావున ప్రశ్న వేయగలిగినది. తెలియని స్త్రీ గతి యేమి? ఆమె ఏడ్చును గాని ప్రశ్నింపజాలదు. స్త్రీలకొఱకు న్యాయవాదిని కావలెనను తలంపునకు కారాగారమే దుర్గాబాయికి గురుకులమైనది.

తలంపు గొప్పది, కాని దారి ఎంత దూరము! చేతిలో మెట్రిక్యులేషను పరీక్ష కూడ లేదు. వయస్సు ఇరువదినాలుగు. సాటివారు పట్టభద్రులై యుద్యోగములు చేయుచుండిరి. చెఱసాలకు పోయివచ్చి, సభలలో వేలమందితో మాటాడిన స్త్రీ చిన్నపిల్లల పాఠ్యపుస్తకములు ముందు పెట్టుకొని కూర్చుండుటకు ఎంత మనోబలము కావలెను! ఏ ఆంగ్లబోధనను నిరసించి బడి మానెనో, ఆ ఆంగ్లమునే ఇప్పుడు కష్టపడి నేర్వవలసివచ్చెను. ఆమె సిగ్గుపడలేదు. బడికి పోకుండగనే పరీక్ష వ్రాయుటకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున అవకాశము కలదని తెలిసికొని, స్వయముగా చదివి మెట్రిక్యులేషను ముగించెను. అచ్చటనే ఇంటర్మీడియట్ కూడ పూర్తిచేసెను.

పిదప వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రము చదువగోరెను. అప్పుడు స్త్రీలకు అక్కడ వసతిగృహము లేదు. వసతి లేదు గావున ప్రవేశము లేదన్నచో ఆ మాట యుక్తముగనే యుండును. పెక్కుమంది దానితో ఇంటికి మరలిపోవుదురు. దుర్గాబాయి చదువగోరు యువతులు ముందునకు రావలసినదని పత్రికలో ప్రకటన వేయించెను. వచ్చిన యువతులను చేర్చుకొని వసతిగృహము ఏర్పాటుచేసి, దానిలో తానును నివసించి చదివెను. 1939లో బి.ఏ. ఆనర్సు పట్టము వచ్చినది. ఆమెకు తెరువని తలుపు మఱి కొందఱు బాలికలకు కూడ తెఱువబడినది.

ఇంతలో చెన్నపట్టణమున ఇంకొక పని మొలకెత్తినది. మైలాపూరులో తన యింటి చుట్టుపట్ల పిల్లలను చేర్చి ఆటపాటలు నేర్పుచుండిన చిన్న సంఘము పెరిగి, 1937లో ఆంధ్ర మహిళాసభ యయ్యెను. అక్కడ జరిగిన ముఖ్యకార్యము, చదువు నడుమ విడిచిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపఱచుట. బాలవితంతువులు, భర్తలు విడిచినవారు, పుట్టినింట భారమైనవారు అచ్చటికి వచ్చిరి. తాను నడచిన ఇరుకు దారిని ఆమె బండ్లు పోవు బాటగా చేసెను. చేతిపనులు నేర్పిరి, వైద్యశాల వచ్చినది, “ఆంధ్ర మహిళ” యను పత్రిక ఆమె సంపాదకత్వమున వెలువడినది. ఈ సభను ఆమె తన చదువు ముగియకమునుపే ఆరంభించెను. తన చదువు పూర్తియైన పిదప ఇతరులకు సాయపడుదమని కాచుకొని కూర్చుండలేదు.

1942లో మద్రాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము పొంది, ముప్పదిమూడవ యేట ఆమె న్యాయవాదియైనది. 1946లో రాజ్యాంగ నిర్మాణసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో స్త్రీలు పదునేనుగురు మాత్రమే. అధ్యక్షుడు లేనివేళ సభ నడపుటకు ఏర్పరచిన పట్టికలో నున్న స్త్రీ ఆమె యొక్కతెయే.

ఆమె యచ్చట చేసిన పనికి ఒక్క ఉదాహరణము చాలును. హిందువుల ప్రజాదేవాలయాది సంస్థలను హిందువులలో “ఏ వర్గమునకైనను” తెఱచుటకు శాసనము చేయవచ్చునని ముసాయిదాలో నుండెను. దానిని “సకల వర్గములకును, శాఖలకును” అని మార్పవలెనని ఆమె సవరణ తెచ్చెను. ఆ మాటయే నేటి రాజ్యాంగము 25వ అధికరణమున నిలిచియున్నది. దస్తావేజు వ్రాసిన అనుభవము గలవారికి దీని విలువ తెలియును. హద్దుల వివరములో ఒక్క మాట మారినచో గట్టు మారును. ఇచ్చట ఒక్క మాట మారి గుడి వాకిలి వెడల్పయినది. రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సు ముప్పదియైదేండ్లని యుండగా ముప్పదికి తగ్గింపవలెనని కోరి నెగ్గినదియు ఆమెయే. చిన్ననాడు హిందీ పాఠశాల నడపిన ఈమె, 1949లో భాషావివాదము వచ్చినప్పుడు, హిందీ రానివారిపై దానిని బలవంతముగా రుద్దినచో కీడు కలుగునని హెచ్చరించెను. తాను ప్రేమించిన విషయమున కూడ న్యాయము తప్పకుండుట అరుదైన గుణము.

ఇట్టి కీర్తి వచ్చిన పిదప 1952లో సాధారణ ఎన్నికలు వచ్చినవి. దుర్గాబాయి ఓడిపోయెను. ఈ సంగతిని ఆమె చరిత్ర చెప్పువారు ఒక్క వాక్యమున దాటించుచుందురు. కాని నిలిచి చూడవలసినచోటు ఇదియే. చెఱసాలకు పోయి, రాజ్యాంగమున పాలుపంచుకొని, తుదకు తన ప్రజలవద్దనే ఓట్లు రాక ఇంటికి వచ్చుట చిన్న దెబ్బ కాదు. ఎందఱో అక్కడితో కోపగృహము చేరుదురు. ఆమె ఆ సంవత్సరముననే ప్రణాళికాసంఘమున సభ్యురాలై, సాంఘిక సంక్షేమ కార్యమును చేపట్టెను. స్వచ్ఛంద సేవాసంస్థలకు మొదటి పంచవర్ష ప్రణాళికయందు నాలుగుకోట్ల రూపాయలు కేటాయించిరి. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘము ఏర్పడగా, దానికి ప్రథమాధ్యక్షురాలు ఆమెయే. గెలిచియుండినచో పార్లమెంటులో నొక సభ్యురాలై యుండెడిది. ఓడుటచేత దేశమందలి వేలాది గ్రామముల స్త్రీలకు చేరువయ్యెను.

ఆ 1953 జనవరి 22వ తేదీననే ఆమె వివాహము చింతామన్ ద్వారకానాథ్ దేశముఖుతో జరిగినది. ఆయన రిజర్వు బ్యాంకునకు మొదటి భారతీయ గవర్నరు. అప్పటికి దేశ ఆర్థికమంత్రి. వధువునకు నలువదిమూడేండ్లు. సాక్షిగా సంతకము చేసినవారిలో నెహ్రూ ఒకడు. ముప్పదేండ్లనాడు రెండణాల టిక్కెట్టు లేక ద్వారమువద్ద నిలిచినవాడే! మొదటి పెండ్లి ఆమెను అడుగక జరిగినది. రెండవది ఆమె ఇష్టపూర్వకముగా జరిగినది. ఈ రెంటి నడుమ నున్న ముప్పదియైదు సంవత్సరములే ఒక తరములో తెలుగు స్త్రీ నడచిన దూరము. సేవచేయు స్త్రీ సన్యాసినిగనే యుండవలెనను నియమమేదియు లేదనియు ఆమె చూపినది.

సంక్షేమ సంఘము చేపట్టిన పనులలో ఈ సభకు మిక్కిలి పనికివచ్చునది యొకటి కలదు. 1958లో పెద్దవయసు స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమము ప్రారంభించిరి. ఏండ్లతరబడి బడిలో చదువవలసిన చదువును రెండేండ్లలో కుదించి, బడి మానిన స్త్రీలను పరీక్షకు పంపుట దాని ఉద్దేశము. అట్లు చదివిన స్త్రీలు గ్రామసేవికలుగను, దాదులుగను, ఉపాధ్యాయినులుగను పని పొందుటకు వీలు కలిగినది. మైలాపూరు ఇంటిలో మొలచిన మొక్కయే దేశమంతట నాటబడినది. ఆ సంవత్సరముననే స్త్రీవిద్యను గూర్చిన జాతీయసమితికి ఆమె అధ్యక్షురాలయ్యెను.

1953లో చైనా దేశము పోయి అక్కడి కుటుంబ న్యాయస్థానములను చూచి, మన దేశమునను అట్టివి కావలెనని చెప్పుచువచ్చెను. ఆ శాసనము 1984లో వచ్చినది. అప్పటికి ఆమె లేదు. ఆంధ్ర మహిళాసభ హైదరాబాదునకును వ్యాపించి, అచ్చట కళాశాలను, వైద్యశాలను నెలకొల్పినది. 1975లో ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ బిరుద మిచ్చినది. 1981 మే 9వ తేదీన శ్రీకాకుళము జిల్లా నరసన్నపేటలో ఆమె కన్నుమూసెను.

ఈ జీవితమునుండి గ్రహింపవలసినదేమి? ఆమె అసాధారణ ప్రతిభావతి, అందఱికిని సాధ్యముకాదని చేతులు దులుపుకొనుట సులభము. నిజమే, రాజ్యాంగసభకు అందఱును పోలేరు. కాని ఇరువదినాలుగవ యేట మొదటి పుస్తకము తెఱచుటకు ప్రతిభ అక్కఱలేదు. తెలియదని ఒప్పుకొను వినయము, ఎవరేమనుకొందురోయను భయమును దాటు ధైర్యము చాలును. ఆమె బాలవధువు, బడి విడిచినది, ఖైదీ, విద్యార్థిని, న్యాయవాది, ఓడిన అభ్యర్థిని. ప్రతి మజిలీయందును తిరిగి మొదటి మెట్టునుండియే ఎక్కెను. ఎక్కినప్పుడెల్ల వెనుకనున్న వారికొక చేయి అందించెను. వ్యాసుని ద్రౌపది, నన్నయగారి శకుంతల రాజసభలలో నిలిచి మాటాడిరని చదివి మనము తలయూపుదుము. మన యింటి కోడలు నిలిచి “నేను చదువుకొందును” అన్నప్పుడు కూడ తలయూపుట నేర్చుకొనవలెను.

కాశీ పరీక్షకొఱకు ఇప్పుడు కాశీకి దరఖాస్తు పంపనక్కఱలేదు. బడికి పోకుండగనే పదవతరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు వ్రాయుటకు సార్వత్రిక విద్యాపీఠములు రెండు తెలుగు రాష్ట్రములందును కలవు. ఇంత వయస్సు మించరాదను నియమము లేదు. ఆపై చదువునకు 1982లో హైదరాబాదున స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. ద్వారములు తెఱచియే యున్నవి. కొఱతయైనది ద్వారమువఱకు చేయిపట్టి తీసికొనిపోవువారు.

కావున ఈ రజతోత్సవ సమయమున కార్యవర్గమునకు ఒక విన్నపము. మధ్యాహ్నము వంటపని ముగిసి, పిల్లలు బడినుండి రాకముందు, స్త్రీలకు దొరకు తీరిక రెండు గంటలే. ఆ వేళలో గ్రంథాలయము తలుపు మూయబడియుండుట మన ఊళ్ళలో వాడుక. వారమునకు మూడు దినములైనను ఆ రెండు గంటలు గ్రంథాలయమును వారికొఱకే తెఱచియుంచవలెను. పదవతరగతి పాఠ్యపుస్తకములు రెండేసి ప్రతులు కొనియుంచవలెను. ఊరిలో చదువుకొన్న యువతీయువకులు వంతులవారీగా లెక్కలును, ఆంగ్లమును చెప్పవలెను. దీనికయ్యెడి వ్యయము ఉత్సవమునకు కట్టిన తోరణముల వ్యయముకంటె ఎక్కువ కాదు. తోరణములు రేపు వాడిపోవును.

ఇంటి పెద్దలకును ఒక మాట. కోడలో, కూతురో పుస్తకము చేతపట్టినప్పుడు “ఇప్పుడెందుకు” అనవలదు. “ఏ పాఠము వచ్చినది?” అని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న చాలును. మరల ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము వచ్చును. ఆనాడు ఈ వేదికపై నిలిచి ఉపన్యసించువారు, ఇక్కడనే మధ్యాహ్నపు వేళ అక్షరములు కూడబలుకుకొన్న ఈ యూరి ఆడుపడుచు కావలెను.